కొత్త కారు ఎవరి చేతికి?

 

ఇటీవల మా వద్దకు వచ్చే ప్రశ్నల్లో జకాత్ లెక్కలకు, వారసత్వపు వాటాలకు సంబంధించినవి ఎన్ని ఉంటున్నాయో, కార్లకు సంబంధించినవీ ఇంచుమించు అన్నే ఉంటున్నాయి. ఇందులో వింతేమీ లేదు. మా చిన్నతనంలో మా వీధి మొత్తానికి ఒకే ఒక స్కూటరు ఉండేది. ఇప్పుడు గల్ఫ్ దేశాల్లో కొడుకులున్న ఇళ్ళ ముందు, ఉద్యోగస్థుల ఇళ్ళ ముందు కొత్త కార్లు నిలబడుతున్నాయి. ఏ కారు కొనాలని మమ్మల్ని ఎవరూ అడగరు, అడిగినా చెప్పగల యోగ్యత మాకు లేదు. కొన్న తర్వాత మాత్రం ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "మౌలానా సాబ్, సర్వీసింగ్ షోరూమ్ వాళ్ళ దగ్గరే చేయించాలా? మన మెకానిక్ దగ్గర చేయిస్తే సరిపోదా?"

యంత్రాల సంగతి మదర్సాలో పాఠాలు చెప్పుకొనేవారిని అడగడం ఎందుకని మీకు అనిపించవచ్చు. మా ఊరి బైపాస్ రోడ్డు వెంట ఉన్న మెకానిక్ షెడ్లలో పనిచేసేవారిలో చాలామంది ఒకప్పుడు మా ముందు ఖాయిదా పుస్తకం పట్టుకొని కూర్చున్న పిల్లలే. కనుక అడిగేవారు మా నుండి కోరేది యంత్ర పరిజ్ఞానం కాదు, సాక్ష్యం. "ఆ పిల్లవాడు నమ్మదగినవాడేనా?" అన్నదే వారి అసలు ప్రశ్న. అలాంటి ఒక సందర్భంలో మేము ఇచ్చిన సలహా ఒకరికి నష్టం కలిగించింది. ఆ సంగతి దాచి ఈ వ్యాసం రాయడం సరికాదు గనుక ముందుగా అదే చెబుతాము.

మూడేళ్ళ క్రితం మా వీధిలోని ఒక పెద్దమనిషి, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు, చేతికి వచ్చిన సొమ్ములో కొంత వెచ్చించి చిన్న పెట్రోలు కారు కొన్నారు. వెయ్యి కిలోమీటర్ల దగ్గర మొదటి ఉచిత సర్వీసు, అయిదు వేల దగ్గర రెండవది షోరూమ్ వారి వర్క్‌షాపులోనే చేయించారు. ఆ వర్క్‌షాపు మా ఊరికి నలభై కిలోమీటర్ల దూరంలో ఉంది. ఉదయం వెళితే సాయంత్రం దాకా అక్కడే పడిగాపులు. పది వేల కిలోమీటర్ల సర్వీసు సమయానికి ఆయన విసిగిపోయి, ఒకనాడు జుహర్ నమాజు తర్వాత మసీదు మెట్ల మీద మమ్మల్ని ఆ ప్రశ్న అడిగారు.

మాకు వెంటనే మా పూర్వ విద్యార్థి ఒకడు గుర్తుకు వచ్చాడు. హిఫ్జ్‌లో తొమ్మిది పారాల దాకా వచ్చి, తండ్రి మరణించడంతో చదువు మానేశాడు. విజయవాడ ఆటోనగర్‌లో ఏడేళ్ళు పని నేర్చుకొని వచ్చి, మా ఊరి బైపాస్ పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాడు. ముగ్గురు ఆడపిల్లల తండ్రి. "ఆయిలు మార్చడమే కదా భాయి సాబ్! మన పిల్లవాడి దగ్గర చేయించండి, అతనికీ నాలుగు డబ్బులు దొరుకుతాయి" అన్నాము.

సలహా అడిగిన మనిషి మేలు కంటే పక్కనున్న మరొకరి మేలు మా మనసులో ముందు నిలిచింది. అందులోని దోషం అప్పుడు మాకు తోచలేదు.

పని విషయంలో మా విద్యార్థి ఏ లోపమూ చేయలేదు. మంచి ఆయిలు పోశాడు, కంపెనీ ఫిల్టరే వేశాడు, తక్కువ సొమ్మే తీసుకున్నాడు. తర్వాతి సర్వీసు కూడా అక్కడే జరిగింది. ఇరవై ఒకటవ నెలలో, సరిగ్గా రోహిణి ఎండల్లో, ఆ కారు ఏసీ చల్లదనం ఇవ్వడం మానేసింది. కంప్రెసర్ పాడయిందని తేలింది. ఆ కారుకు వారంటీ రెండేళ్ళు. ఇంకా మూడు నెలల గడువు ఉంది కదా అన్న ధైర్యంతో ఆయన వర్క్‌షాపుకు వెళ్ళారు. అక్కడివారు కంప్యూటర్‌లో చూసి, రెండవ సర్వీసు తర్వాత ఈ బండి తమ వద్దకు రానే లేదని, నిర్ణీత సర్వీసులు తప్పిన బండికి వారంటీ వర్తించదని చెప్పి, ఇరవై ఏడు వేల రూపాయల అంచనా చేతిలో పెట్టారు.

ఆయన మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. "తఖ్దీర్, మౌలానా సాబ్" అని ఊరుకున్నారు. నిందించి ఉంటే మాకు కొంత తేలికగా ఉండేది.

ఇంజన్ ఆయిలు బయట మార్పించినంత మాత్రాన ఏసీ కంప్రెసర్ ఎలా చెడిపోతుందన్నది మా సందేహం. మా అల్లుడు న్యాయవాది. అతనిని అడిగితే ఈ సందేహానికి చట్టంలో జవాబు ఉన్నదని చెప్పాడు. 2011లో ఒక సామాన్య వినియోగదారుడు కార్ల కంపెనీలపై కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియాకు ఫిర్యాదు చేశాడు. విడిభాగాలను, మరమ్మతుకు కావలసిన సాంకేతిక సమాచారాన్ని, పరికరాలను కంపెనీలు తమ డీలర్లకే పరిమితం చేసి, బయటి మెకానిక్‌కు అందకుండా చేస్తున్నాయన్నది ఆ ఫిర్యాదు సారాంశం. మూడు కంపెనీలతో మొదలైన విచారణ విస్తరించింది. 2014 ఆగస్టు 25న కమిషన్ 14 కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. కంపెనీలు ఆ తీర్పు మీద పై న్యాయస్థానాలను ఆశ్రయించాయన్నది వేరే సంగతి. జరిమానా కంటే మనకు ముఖ్యమైన మాట ఆ ఉత్తర్వులో మరొకటి ఉంది. బయటి మెకానిక్ దగ్గరకు వెళ్ళారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తాన్ని రద్దు చేసే షరతు పెట్టరాదని, బయట జరిగిన లోపభూయిష్టమైన పని వల్ల ఎంత నష్టం జరిగిందో అంతమేరకే వారంటీని నిరాకరించవచ్చని కమిషన్ ఆదేశించింది.

న్యాయమైన మాట. అయితే ఉత్తర్వు ఢిల్లీలో ఉంటుంది, వర్క్‌షాపు కౌంటరు మన జిల్లాలో ఉంటుంది. కౌంటరు వెనుక కూర్చున్న యువకునికి అతని కంప్యూటర్ తెర మీద కనిపించేదే చట్టం. అల్లుని సలహా మీద 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఫిర్యాదు చేయించాము. కంపెనీకి ఈమెయిలు పంపించాము. ఆరు వారాల తర్వాత, కంప్రెసర్ ధరలో సగం తాము భరిస్తామని కంపెనీవారు తెలిపారు. అదీ హక్కుగా కాదట, సద్భావంతోనట! ఆ ఆరు వారాలూ ఆ వృద్ధ దంపతులు ఏసీ లేని కారులో అద్దాలు దించుకొని తిరిగారు. వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తే పూర్తి మొత్తం వచ్చేదేమో. ఆయన వేయదలచుకోలేదు.

మిగిలిన సగం మేము ఇస్తామంటే ఆయన ఒప్పుకోలేదు. ఈ సంగతి తెలిసి మా విద్యార్థి ఒక రాత్రి ఇషా తర్వాత ఇంటికి వచ్చాడు. చాలాసేపు మౌనంగా కూర్చొని, "హజ్రత్, వారంటీలో ఉన్న బండి ఎవరు తెచ్చినా నేనే వెనక్కి పంపిస్తాను. షోరూమ్‌కే వెళ్ళండని చెబుతాను. ఆ రోజు మీరు పంపించారని ఆయన అన్నారు. మీ మాట కాదనడానికి నాకు నోరు రాలేదు" అన్నాడు.

మా మీద ఉన్న గౌరవం అతని నోరు మూయించింది. అతనిపై మాకున్న వాత్సల్యం మా బుద్ధిని కప్పివేసింది. ఇద్దరి మధ్యా నష్టపోయింది మూడవ మనిషి. నాటి నుండి ఎవరినైనా ఒక దుకాణానికో, ఆసుపత్రికో పంపించే ముందు, ఆ దుకాణదారుని ముందుగా పిలిచి, "నిర్భయంగా చెప్పు నాయనా, ఈ పని నీ దగ్గర చేయించుకోవడం వారికి మేలేనా?" అని అడగడం అలవాటు చేసుకున్నాము.

ఇంతవరకు చదివి, షోరూమ్ వర్క్‌షాపు సురక్షితమని, కళ్ళు మూసుకొని అక్కడికి వెళితే చాలని అనుకోకండి. కళ్ళు మూసుకొని వెళ్ళినవాడు మా రెండవ కుమారుడు. పై అనుభవం తర్వాత కొన్న కారు గనుక మూడు ఉచిత సర్వీసులూ కంపెనీ వర్క్‌షాపులోనే చేయించాడు. మూడవ సర్వీసు బిల్లు 7,860 రూపాయలు! ఉచితమంటే ఇదేనా అని అడిగాము. "అబ్బా, లేబరు మాత్రమే ఉచితం. ఆయిలు, ఫిల్టరు లాంటివాటికి డబ్బు కట్టాలి" అన్నాడు. ఆ మాట నిజమే, ఉచిత సర్వీసు అంటే అంతే. కానీ బిల్లులో ఆయిలు, ఫిల్టరు, చిన్న వాషరు కలిపి 2,140 మాత్రమే ఉన్నాయి. వీల్ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ 980. మన రోడ్ల స్థితిని బట్టి అది అవసరమేనని ఒప్పుకుందాము. మిగిలిన 4,740 రూపాయలు వేటికి? ఇంజన్ ఫ్లష్, థ్రాటిల్ బాడీ శుభ్రత, ఏసీ గొట్టాల శుద్ధి, ఇంజన్ భాగానికి మెరుగు పూత, సీట్లకు నురుగు స్నానం. ఏడాది కూడా నిండని బండికి!

"ఇవన్నీ నువ్వు అడిగావా?" అంటే, అడగలేదట. సర్వీస్ అడ్వైజర్ ఒక పలక చూపించి సంతకం పెట్టమంటే పెట్టాడట. ఎంతో మర్యాదగా మాట్లాడాడట, చల్లని మంచినీళ్ళు కూడా ఇచ్చాడట.

మదర్సాలో మాకు ఒక అలవాటు నేర్పుతారు. వ్యాఖ్యానం వినే ముందు మూలగ్రంథం చదవాలి. మత్న్ తెలియనివాడికి షర్హ్ ఎవరు ఎలా చెప్పినా నిజమే అనిపిస్తుంది. కారుకు కూడా మత్న్ ఉంటుంది. బండితో పాటు ఇచ్చే ఓనర్స్ మాన్యువల్, సర్వీస్ బుక్‌లెట్. చాలా ఇళ్ళలో అది డాష్‌బోర్డు అరలో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా పడి ఉంటుంది. దాని చివరి పుటల్లో ఒక పట్టిక ఉంటుంది. ఎన్ని కిలోమీటర్లకు లేదా ఎన్ని నెలలకు, ఈ రెండింటిలో ఏది ముందు వస్తే దానికి, ఏ భాగాన్ని మార్చాలి, ఏ భాగాన్ని కేవలం పరీక్షించాలి అన్నది అందులో అక్షరాలతో గుర్తించి ఉంటుంది. ఆ రాత్రి కళ్ళజోడు పెట్టుకొని మేము, మా కోడలు ఆ పట్టిక చదివాము. ఆ కారుకు పది వేల కిలోమీటర్ల వరుసలో మార్చవలసినవి ఇంజన్ ఆయిలు, దాని ఫిల్టరు మాత్రమే. బ్రేకులు, కూలెంట్, బెల్టు మొదలైనవన్నీ పరీక్ష కోసం ఉన్నవే. ఇంజన్ ఫ్లష్ అన్న మాట ఆ పుస్తకంలో ఎక్కడా కనిపించలేదు.

వారంటీ నిలబడటానికి కావలసింది పట్టికలో ఉన్న పనులు సకాలంలో జరగడం, అవి నమోదు కావడం. పట్టికలో లేని పనిని నిరాకరిస్తే వారంటీకి ఏ ముప్పూ లేదు. ఈ ఒక్క సంగతి తెలియక ఎన్ని ఇళ్ళు ఏటా ఎన్ని వేలు పోగొట్టుకుంటున్నాయో! తర్వాతి సర్వీసుకు మా కోడలే కారు తీసుకొని వెళ్ళింది. పట్టిక ఫొటో ఫోనులో చూపించి, "ఇవి మాత్రమే చేయండి. వేరే ఏది అవసరమనిపించినా ముందు ఫోను చేసి, భాగం చూపించి, ధర చెప్పి, ఆ తర్వాతే చేయండి" అని జాబ్ కార్డు మీద రాయించింది. మార్చిన ఫిల్టరును అడిగి చూసింది. పాత భాగాలు అడిగేవారి బండి దగ్గర పనివారు కొంచెం జాగ్రత్తగా ఉంటారు. ఇది షోరూమ్‌కూ వర్తిస్తుంది, షెడ్డుకూ వర్తిస్తుంది.

ఇక్కడ ఫిఖ్హ్‌కు సంబంధించిన రెండు మాటలు చెప్పక తప్పదు. మా పాఠ్యగ్రంథం 'హిదాయా'లో ఇజారా అధ్యాయం బోధించేటప్పుడు ప్రతి ఏడాదీ పిల్లలకు చెబుతాము: పని మొదలుపెట్టక ముందే పని ఏదో, కూలి ఎంతో ఇరువురికీ తెలిసి ఉండాలి. తెలియని కూలి మీద కుదిరిన ఒప్పందం లోపభూయిష్టమైనది. "చూసి ఇవ్వండి సాబ్, మీ దగ్గర బేరమా?" అని షెడ్డులో మన పిల్లలు అనే మాట వినడానికి మర్యాదగా ఉంటుంది గాని, సాయంత్రానికి కలహం తెచ్చేది అదే. ఎవరికీ అర్థంకాని పేర్లతో నిండిన పలక మీద సంతకం తీసుకోవడం కూడా అందుకు భిన్నమైనది కాదు.

రెండవది, పనివాడి బాధ్యత. నలుగురి దగ్గర పని పుచ్చుకొనే చాకలి, రంగరేజు, దర్జీ వంటివారి చేతిలో మన వస్తువు ఉన్నప్పుడు అది పోతే ఎవరిది నష్టం? ఇమామ్ అబూ హనీఫా దృష్టిలో అది అతని చేతిలో అమానత్, అతని తప్పు లేనిదే పరిహారం లేదు. ఆయన శిష్యులిద్దరూ, అబూ యూసుఫ్, ముహమ్మద్, తప్పించుకోలేని విపత్తు అయితే తప్ప పనివాడే బాధ్యుడని అన్నారు. అయితే పనివాడి చేతి పని వల్లనే, చాకలి ఉతుకుడుకు బట్ట చినిగినట్లు, నష్టం జరిగితే అతడు పరిహారం ఇవ్వాలన్నదాంట్లో ఈ ముగ్గురూ ఏకాభిప్రాయంతో ఉన్నారు. మన షెడ్డు పిల్లలు ఈ భాగం ముఖ్యంగా తెలుసుకోవాలి. డ్రెయిన్ బోల్టు వదులుగా బిగించి, దారిలో ఆయిలు కారిపోయి, ఇంజన్ పట్టేస్తే, "నా చేతుల్లో ఏముంది, అల్లాహ్ చిత్తం" అని తప్పించుకోవడానికి వీలులేదు.

ఇక అడిగినవారికి ఇప్పుడు మేము చెబుతున్న సలహా ఇది. వారంటీ ఉన్నంతకాలం, అది కంపెనీని బట్టి రెండేళ్ళయినా, మూడేళ్ళయినా, అదనంగా కొన్న వారంటీ ఉంటే ఆ గడువు కూడా కలుపుకొని, పట్టికలోని ప్రతి సర్వీసూ కంపెనీ వర్క్‌షాపులోనే, గడువు తప్పకుండా చేయించండి. ఆదేశం మీ పక్షాన ఉన్నా, ఆ ఆదేశం కోసం ఆరు వారాలు తిరిగే ఓపిక అందరికీ ఉండదు. బిల్లులన్నీ ఒక ఫైలులో పెట్టండి. పంక్చరు, టైర్లు, వైపరు రబ్బరు, కడగడం వంటివి ఎక్కడ చేయించుకున్నా ఫరవాలేదు. కొత్త బండికి బయట మ్యూజిక్ సిస్టమ్, అదనపు లైట్లు పెట్టిస్తూ వైర్లు కోయించడం మాత్రం వద్దు. రేపు కరెంటు సంబంధమైన ఏ లోపం వచ్చినా కంపెనీవారు ఆ కోత వైపే వేలు చూపిస్తారు. బ్యాటరీ కార్లలో నారింజ రంగు తొడుగున్న వైర్ల జోలికి, శిక్షణ లేనివారు వారంటీ ఉన్నా లేకున్నా పోరాదు. అవి ప్రాణం తీసేంత విద్యుత్తు ఉన్నవి.

వారంటీ ముగిసిన తర్వాత మంచి మెకానిక్ దొరికితే ఆయన్ని వదులుకోకండి. ఒకే చేయి ఏళ్ళ తరబడి బండిని చూస్తుంటే, బండి శబ్దం మారగానే ఆ చేతికి తెలుస్తుంది. షోరూమ్‌లో ప్రతిసారీ కొత్త అడ్వైజర్, కొత్త కుర్రవాడు. అయితే షెడ్డు నడిపే మా పిల్లలకు కూడా మేము నిష్ఠూరమైన మాటలు కొన్ని చెబుతున్నాము. పాత బండ్లన్నిటికీ పోసిన 20డబ్ల్యూ-40 ఆయిలే అన్నిటికీ పనికివస్తుందన్న కాలం పోయింది. ఈనాటి చిన్న పెట్రోలు ఇంజన్లలో చాలావాటికి 0డబ్ల్యూ-16, 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 వంటి పల్చని ఆయిళ్ళు కావాలి. 2020 ఏప్రిల్ నుండి వచ్చిన బీఎస్-6 డీజిలు బండ్లలో పొగ గొట్టానికి మసిని పట్టే ఫిల్టరు ఉంటే, దానికి బూడిద తక్కువ మిగిల్చే ప్రత్యేకమైన ఆయిలే పోయాలి. లేకపోతే ఆ ఫిల్టరు మూసుకుపోతుంది, దాని ధర మీ ఆరు నెలల సంపాదన. స్కానరు కొనుక్కోండి. కొత్త కుర్రవాళ్ళను పనిలో పెట్టుకొనే ముందు, వీలైతే ఐటీఐలో రెండేళ్ళ మోటారు మెకానిక్ కోర్సు చదివించండి. విడిభాగం కొన్న బిల్లు గిరాకీకి చూపించండి. కంపెనీ డబ్బాలో నకిలీ ఫిల్టరు, నకిలీ బ్రేకు ప్యాడ్లు అమ్మేవారు ఉన్నారని మీకు మాకంటే బాగా తెలుసు.

మా కోడలు చెప్పిన ఒక మాట కూడా ఇక్కడ చేర్చాలి. షెడ్డుకు కారు తీసుకొని వెళ్ళిన స్త్రీకి నిలబడటానికి నీడ ఉండదు. షోరూమ్‌లో కుర్చీ ఉంటుంది, శుభ్రమైన మరుగుదొడ్డి ఉంటుంది. ధర రెండింతలైనా ఆడవాళ్ళు అక్కడికే వెళ్ళడానికి అదొక కారణం. ఈ మాట చెప్పిన నెలలోపే మా విద్యార్థి తన షెడ్డులో ఒక మూల తడిక కట్టించి, రెండు కుర్చీలు, ఒక ఫ్యాను పెట్టించాడు. మరుగుదొడ్డి కట్టడానికి స్థలం యజమాని ఇంకా ఒప్పుకోలేదు.

ఇప్పుడు అతను కార్బన్ పేపరు పెట్టి బిల్లు రాస్తున్నాడు. తేదీ, కిలోమీటర్లు, ఆయిలు పేరు, గ్రేడు, ఫిల్టరు నంబరు. మా వీధి పెద్దమనిషి కారుకు వారంటీ ముగిసింది, ఆయన మళ్ళీ ఆ షెడ్డుకే వెళుతున్నారు. ఈసారి మేము చెప్పలేదు, ఆయనే వెళ్ళారు. మా అబ్బాయి కారు వారంటీ వచ్చే షాబాన్ నెలలో ముగుస్తుంది. మొన్న శుక్రవారం మా విద్యార్థి వచ్చి, ఆ బండి మాన్యువల్ రెండు రోజులు ఇవ్వమని అడిగి తీసుకువెళ్ళాడు. ఆదివారం తిరిగి తెచ్చినప్పుడు చూస్తే, చివర ఉన్న పట్టిక పుట దగ్గర ఒక కాగితపు ముక్క పెట్టి ఉంది. దాని మీద ఉర్దూలో, మా మదర్సాలో నేర్చుకున్న ఆ వంకర దస్తూరీతోనే, నలభై వేల కిలోమీటర్లకు మార్చవలసిన భాగాల పేర్లు వరుసగా రాసి ఉన్నాయి.